ఫ్రాస్ట్ వార్నింగ్ నెమ్మదించిన ఏడాది

ఎఫ్రెన్ ఒలీవాస్ మామూలుగా మాట్లాడితే పక్కవాడికి కూడా సరిగ్గా వినపడేది కాదు. కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో నిమ్మకాయలు ప్యాక్ చేసే షెడ్డులో నాలుగేళ్ళ నుంచీ పని చేస్తున్నా, అక్కడి మేస్త్రీ అతని గొంతు విన్నది మహా అయితే పదిసార్లు. బెల్టు మీద దొర్లుకుంటూ వచ్చే కాయల్లో మచ్చ ఉన్నవాటిని ఏరి పక్కన పడెయ్యడం, పన్నెండింటికి డబ్బా మూత తీసి బీన్స్ తినడం, మళ్ళీ వచ్చి ఏరడం, ఇంతే అతని పని. అలాంటివాడు శనివారం సాయంత్రం మైకు పట్టుకున్నాడంటే మెడనరాలు తాళ్ళలా పొంగేవి. ముందు వరసలో నిలబడ్డవాళ్ళ మొహాల మీద తుంపర్లు పడేలా అరిచేవాడు.

"వారమంతా మింగిన మాటలన్నీ ఒక్క నిమిషంలో కక్కేస్తాడు మావాడు," అనేవాడు తమ్ముడు లాలో.

నిమిషం అన్నది ఎగతాళికి కాదు. వాళ్ళ పాట ఏదీ నిమిషం దాటేది కాదు. హార్డ్‌కోర్ పంక్ అంటే ఆ రోజుల్లో ఆ ఊళ్ళో అదే: ఊపిరి తీసుకునేలోపు మొదలై, వదిలేలోపు అయిపోవాలి. బ్యాండు పేరు ఫ్రాస్ట్ వార్నింగ్. చలికాలంలో నిమ్మతోటల వాళ్ళకోసం రేడియోలో చదివే మంచు హెచ్చరిక అది. ఫారెన్‌హీట్ లెక్కలో ముప్పై రెండుకి దిగితే నీళ్ళు గడ్డకడతాయి. ఏ లోయలో ఎన్ని డిగ్రీలకి పడిపోతుందో ఒక ముసలాయన నిద్రగొంతుతో చదువుతుంటే, ఆ ఊరి పిల్లలందరూ అది వింటూనే పెరిగారు.

నలుగురే వాళ్ళు. ఎఫ్రెన్ పాడతాడు, లాలో డ్రమ్ములు. గిటారు డ్వైట్ కెస్లర్‌ది. నేవీ స్థావరంలో మెకానిక్ కొడుకు, తాటిచెట్టంత మనిషి, ఎవరేం అడిగినా కాసేపు ఆలోచించి గానీ జవాబు చెప్పడు. బేస్ గిటారు వాయించే వేన్ ఒషీటా వాళ్ళకి స్ట్రాబెర్రీ పొలం ఉంది. పొలం చివర ఖాళీ పెట్టెలు పేర్చుకునే రేకుల షెడ్డులో వారానికి మూడుసార్లు ప్రాక్టీసు. ఎండాకాలం ఆ రేకుల కింద నిలబడితే పెనం మీద అట్టు బతుకే.

వాళ్ళ పేరు వెంచురా దాకా, ఆ పైన లాస్ ఏంజెలెస్ దాకా పాకిందంటే అది లాలో చేతుల వల్ల. మనిషి చూడ్డానికి పుల్లలా ఉంటాడు, పెదవుల మీద ఎప్పుడూ నీలిరంగు నీడ. కానీ కర్రలు పట్టుకున్నాక ఆ చేతులు కంటికి ఆనేవి కావు. ఎఫ్రెన్‌కి తమ్ముడంటే గర్వం. ఆ గర్వాన్ని చూపించడానికి అతనికి తెలిసిన దారి ఒక్కటే. పాటకీ పాటకీ మధ్య వెనక్కి తిరిగి, "ఇంకా వేగంగా" అనేవాడు. లాలో నవ్వి తలూపేవాడు. తర్వాతి పాట నిజంగానే ఇంకా వేగంగా వచ్చేది. కొన్నాళ్ళకి ఆ మాట జనం కూడా పట్టుకున్నారు. "ఇంకా వేగంగా" అని హాలు హాలంతా అరిచేది.

1984 వసంతంలో డ్వైట్ ఒక కొత్త పాట తెచ్చాడు. పాట అనడానికి లేదు. ఒక తీగ మీటి, దాన్ని ఆంప్లిఫయర్ ముందు పట్టుకుని అలా మోగనిచ్చాడు. ఆ మోత పెరిగి, వంగి, సన్నటి ఏడుపులా అయింది. మళ్ళీ మీటాడు. ఏడు నిమిషాలు అదే.

ఎఫ్రెన్ నడుము మీద చేతులు పెట్టుకుని విన్నాడు. "ఏంట్రా ఇది, పాటా, ఫ్రిజ్ మోతా?"

"పూర్తిగా విను."

"విన్నాను. మా ఇంట్లో ఫ్రిజ్ ఇంతకన్నా నయం. మధ్యలో కాసేపన్నా నోరు మూసుకుంటుంది."

వేన్ పగలబడి నవ్వాడు. లాలో నవ్వలేదు. "నాకు నచ్చింది," అన్నాడు.

"నీకా? ఇందులో నువ్వు చేసేదేముంది? ఒక దెబ్బ కొట్టి, వెళ్ళి కాఫీ తాగొచ్చి, ఇంకో దెబ్బ కొట్టొచ్చు."

"అదే నచ్చింది," అన్నాడు లాలో.

ఆ వేసవిలోపు డ్వైట్ అలాంటివి ఇంకో మూడు తెచ్చాడు. లాలో కళ్ళు మూసుకుని, కర్రలు పక్కన పెట్టి, మెత్తటి బ్రష్షులతో డ్రమ్ముని నిమురుతున్నట్టు వాయించేవాడు. ఎఫ్రెన్ షెడ్డు బయట పెట్టె మీద కూర్చుని సిగరెట్ కాల్చుకునేవాడు. అతని కోపంలో న్యాయం లేకపోలేదు. అతనికున్నది అరుపొక్కటే. ఆ సంగీతంలో అరవడానికి చోటు లేదు.

"మమ్మల్ని ముసలాళ్ళని చేస్తున్నావురా నువ్వు," అన్నాడు డ్వైట్‌తో ఒకరోజు. "చావు దగ్గర వాయించే పాటలు తెస్తున్నావు."

డ్వైట్ ఎప్పటిలాగే కాసేపు ఆలోచించాడు. ఆ రోజు మాత్రం జవాబుకి బదులు ఇంకోసారి తీగ మీటాడు.

జూన్‌లో సాటికోయ్‌లోని పాత స్కేటింగ్ హాల్లో కార్యక్రమం. మూడొందల మంది దాకా వచ్చారు. ఏ పాట తర్వాత ఏ పాటో డ్వైట్ కాగితం మీద రాసి నేలకి అంటించాడు. మూడు వేగం పాటలు, తర్వాత ఒక నెమ్మది పాట, మళ్ళీ మూడు. నెమ్మది పాట వంతు వచ్చేసరికి ఎఫ్రెన్ ఆ కాగితాన్ని కాలితో తొక్కిపెట్టి, వాళ్ళ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా వేగమైన పాట పేరు అరిచాడు. జనం ఊగిపోయారు. డ్వైట్ గిటారు దించేసి, "వద్దు" అన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు. ఎఫ్రెన్ అతన్ని చూడనే లేదు. తమ్ముడి వైపు తిరిగి, "ఇంకా వేగంగా" అన్నాడు.

లాలో వాయించాడు. ఆపకుండా ఆరు పాటలు.

అయిపోయాక హాలు వెనక మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మధ్య తల, పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. ఎఫ్రెన్ వచ్చి చల్లటి సోడా సీసా అతని మెడకి ఆనించాడు.

"ఏరా, ముసలాడివైపోయావా?"

"అవును," అన్నాడు లాలో, తల ఎత్తకుండా. "ఇంటికి నువ్వు నడుపు బండి."

పదకొండు రోజుల తర్వాత, స్ట్రాబెర్రీలు చల్లబరిచే గోదాములో పొద్దుటి షిఫ్టులో, పెట్టెల బండి తోస్తూ లాలో కుప్పకూలాడు. పక్కవాడు కాలు జారిందనుకుని చెయ్యి అందించాడట. అతనికి ఇరవై ఏళ్ళు.

గుండె కవాటం పాడైపోయి ఉందని డాక్టరు చెప్పాడు. చిన్నప్పుడు జ్వరమేమైనా వచ్చిందా అని అడిగాడు. తల్లి ఒఫేలియా తలూపింది. ఏడేళ్ళప్పుడు కీళ్ళజ్వరం వచ్చి ఏడాది మంచంలో ఉన్నాడు లాలో. ఆ సంగతి ఎఫ్రెన్‌కీ తెలుసు. అప్పుడు తమ్ముడి భోజనం పళ్ళెం మంచం దగ్గరకి మోసింది అతనే. అయినా ఎంతోకాలం క్రితం మానిన గాయంలా మర్చిపోయాడు. ఇంట్లో అందరూ మర్చిపోయారు.

ఖననం అయ్యాక మూడు వారాలకి ఎఫ్రెన్ వేన్ వాళ్ళ షెడ్డుకి వెళ్ళాడు. డ్వైట్ ఒక్కడే ఉన్నాడు, తీగలు మారుస్తున్నాడు. లాలో డ్రమ్ముల మీద ఎవరో దుప్పటి కప్పారు.

"వెంచురాలో ఒకతను వాయిస్తాడంట," అన్నాడు ఎఫ్రెన్. "మన పాటలన్నీ వచ్చంట. రమ్మందామా?"

"వద్దు."

"ఏం?"

"వాడి చోట ఇంకొకడు కూర్చుంటే నేను వాయించలేను."

ఎఫ్రెన్‌కి ఇరవై రోజుల నుంచీ ఎవరి మీదన్నా విరుచుకుపడాలని ఉంది. "నీకు కావలసింది ఇదే కదరా," అన్నాడు. "డ్రమ్ముల్లేని పాటలు, నత్తనడక పాటలు. ఇప్పుడు హాయిగా వాయించుకో. అడ్డం పోయింది."

డ్వైట్ చేతిలో ఉన్న తీగ పక్కన పెట్టాడు.

"వాడు నాకు ఫిబ్రవరిలోనే చెప్పాడు," అన్నాడు.

"ఏం చెప్పాడు?"

"గుండె సంగతి. ఆయాసం వస్తోందని ఒక్కడే డాక్టరు దగ్గరకి వెళ్ళాడు. డ్రమ్ములు మానెయ్యమన్నాడంట. నాకు చెప్పి ఒట్టు వేయించుకున్నాడు."

ఎఫ్రెన్ పక్కనున్న పెట్టె మీద కూర్చున్నాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలిస్తే వాణ్ణి ఆపేస్తావన్నాడు. ఆపేస్తే నాకింక ఏం మిగుల్తుంది అన్నాడు. నేనేం చెయ్యను? పాటలు నెమ్మది చేస్తే వాడూ వాయిస్తాడు, బతికీ ఉంటాడు అనుకున్నాను. అందుకే తెచ్చాను అవన్నీ. మొదట్లో నాకూ నచ్చలేదు ఎఫ్రెన్. నిజం చెప్తున్నా. తర్వాత నచ్చాయి."

ఎఫ్రెన్ లేచి బయటికొచ్చి, కారు అక్కడే వదిలేసి, స్ట్రాబెర్రీ చాళ్ళ వెంట ఇంటిదాకా నడిచి వెళ్ళాడు.

ఆ తర్వాత రెండు నెలలు అతను ఎవరితోనూ మాట్లాడలేదు. కాయలు ఏరాడు, ఇంటికొచ్చి పడుకున్నాడు. ఒక ఆదివారం తల్లి వంటింట్లో రొట్టెలకి మసా, అంటే మొక్కజొన్న పిండి, పిసుకుతుంటే గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పేశాడు. ఫిబ్రవరి సంగతి, డ్వైట్ ఒట్టు సంగతి, స్కేటింగ్ హాలు సంగతి, కాగితాన్ని తొక్కిపెట్టిన సంగతి.

ఒఫేలియా పిసకడం ఆపలేదు. "ఎన్ని పాటలు?" అని అడిగింది.

"ఆరు."

పిండి ముద్దలు చేసి తడిగుడ్డ కప్పింది. చేతులు కడుక్కుంది. అప్పుడు అంది: "ఆ ఏడాదంతా వాడు మంచంలో పడుకుని గోడ మీద వేళ్ళతో కొడుతుండేవాడు. పక్కింటావిడ గొడవ పెట్టుకుంది కూడా. లేచి తిరిగితే డ్రమ్ము కొనిస్తానని మొక్కుకున్నాను. కొనిచ్చాను. నువ్వు అరిచావు, నేను కొనిచ్చాను. ఎవరెంత చేశామో దేవుడు చూసుకుంటాడు. వెళ్ళి స్నానం చెయ్యి, వాసనొస్తున్నావు."

ఓదార్పు మాట అది కాదు. అయినా ఎఫ్రెన్ ఆ రోజు స్నానం చేశాడు, భోజనం చేశాడు, సాయంత్రం షెడ్డుకి వెళ్ళాడు. డ్వైట్, వేన్ ఇద్దరే వాయిస్తున్నారు. లాలో డ్రమ్ములు అక్కడి నుంచి తీసేశారు, ఆ చోటు ఖాళీ. దెబ్బ పడాల్సినచోట ఇద్దరూ ఆగి, అది పడినంతసేపు ఊరుకుని, మళ్ళీ అందుకుంటున్నారు. ఎఫ్రెన్ గోడకి ఆనుకుని విన్నాడు. వెళ్ళిపోతూ, "రేపూ వస్తాను" అన్నాడు.

పాడటం ఎలాగో అతనికి తెలియలేదు. అరవబోతే ఆ మోతలో అరుపు బల్లకి దిగేసిన మేకులా ఉంటోంది. ఒకటి రెండుసార్లు ప్రయత్నించి మైకు విసిరికొట్టాడు. డిసెంబరులో మంచు పడే రోజులు వచ్చాయి. తెల్లారగట్ల కాయలు గడ్డకట్టకుండా తోటల్లో పెద్ద గాలిపంకాలు తిరుగుతుంటే డ్వైట్ టేప్ రికార్డర్ పట్టుకుని వెళ్ళి ఆ హోరు పట్టుకొచ్చాడు. షెడ్డులో దాన్ని మోగిస్తూ దానిమీద గిటారు వాయించాడు. ఎఫ్రెన్ మైకు దగ్గరికొచ్చి, ఏమనాలో తోచక, రేడియో ముసలాయన చదివినట్టు చదవడం మొదలుపెట్టాడు. "సాటికోయ్, ముప్పై ఒకటి. సోమిస్, ఇరవై తొమ్మిది. లాస్ పోసాస్, ఇరవై ఎనిమిది, పడిపోతోంది." పక్కవాడికి కూడా సరిగ్గా వినపడని తన మామూలు గొంతుతోనే.

వేన్ తీగల మీద చెయ్యి పెట్టి మోత ఆపాడు. "అదే," అన్నాడు. "ఇంకేం చెయ్యకు. అదే చదువు."

ఫిబ్రవరిలో అదే స్కేటింగ్ హాల్లో వాయించారు. హాలు కుర్రాడు వైర్లు సర్దుతూ, "డ్రమ్ములెక్కడ పెడతారు?" అని అడిగితే ఎఫ్రెన్, "లేవు" అన్నాడు.

జనం బాగానే వచ్చారు. లాలో పోయాక ఫ్రాస్ట్ వార్నింగ్ మొదటిసారి వాయిస్తున్నారని విని వచ్చారు. ఏడుస్తూ గెంతుదామని వచ్చారు. గాలిపంకాల హోరు మొదలయ్యాక రెండు నిమిషాలు ఓపిక పట్టారు. తర్వాత గొణుగుడు, ఆ తర్వాత ఈలలు.

"డ్రమ్ములేవిరా?"

"నిద్రొస్తోంది, జోల పాడు."

అప్పుడు వెనకెక్కడి నుంచో ఒకడు "ఇంకా వేగంగా" అన్నాడు. పక్కవాళ్ళు అందుకున్నారు. నిమిషంలో హాలంతా అదే మాట, పాదాలతో నేలను తన్నుతూ. ఆ మాట వాళ్ళకి నేర్పింది తనే. ఎఫ్రెన్‌కి వాళ్ళమీద కోపం రాలేదు. మైకు స్టాండుని గట్టిగా పట్టుకున్నాడు. డ్వైట్ అతనివైపు చూశాడు, ఆపమంటే ఆపేస్తాను అన్నట్టు. ఎఫ్రెన్ తల అడ్డంగా ఊపి, "సోమిస్, ఇరవై తొమ్మిది" అని చదివాడు. బీరు డబ్బా ఒకటి వచ్చి కనుబొమ్మ మీద తగిలింది. నెత్తురు కంట్లోకి కారుతుంటే ఆ కన్ను మూసుకుని మిగతాది చదివాడు. అయ్యేసరికి హాల్లో నలభై మంది మిగిలారు.

బయట బండిలోకి సామాను ఎక్కిస్తుంటే, ప్రతి కార్యక్రమానికీ ముందు వరసలో ఉండే ఒక బోడిగుండు మనిషి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"లాలో ఉండి ఉంటే మీ మొహాన ఉమ్మేవాడు," అన్నాడు.

"ఉమ్మేవాడు కాదు," అన్నాడు ఎఫ్రెన్. "వాడికి ఇదే ఇష్టం."

అనేశాక గానీ ఆ మాట తనకే తగిలిందని తెలియలేదు. బండి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. వేన్ వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే తీసేశాడు.

ఆ వేసవికి ఒక రికార్డు చేశారు. మూడొందల కాపీలు. చేత్తో రాసి జెరాక్సు తీసి పంచే పంక్ పత్రిక ఒకటి దాన్ని "నిద్రమాత్ర" అంది. సగం కాపీలు వేన్ వాళ్ళ షెడ్డులోనే చెమ్మ పట్టాయి. కానీ వాళ్ళు వాయించే కొద్దీ అది బాగుపడుతూ వచ్చింది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లో ఒక చిన్న గదిలో పాతికమంది ముందు వాయించారు. పాట ఆగాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కదల్లేదు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది. డ్వైట్ మొహంలో ఎఫ్రెన్ ఎన్నడూ చూడని వెలుగు. ఎఫ్రెన్ మైకు కిందపెట్టి, వెనక తలుపు తీసుకుని సందులోకి వెళ్ళిపోయాడు.

డ్వైట్ వెతుక్కుంటూ వచ్చాడు. "ఒంట్లో బాగాలేదా?"

"ఇంక నావల్ల కాదు డ్వైట్."

"ఇవాళ ఎంత బాగా వచ్చిందో చూశావా?"

"చూశాను. అందుకే." ఎఫ్రెన్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "ఇది చెత్తగా ఉంటే బాగుండేదిరా. చెత్తగా ఉంటే, నేను వద్దనడం సబబేలే అనుకుని బతికేసేవాణ్ణి. ఇంత బాగుంది. వాడు ఇది వాయించుకుంటూ ఇక్కడ కూర్చుని ఉండేవాడు. నేను ఒక్కసారి సరే అని ఉంటే చాలు."

"ఎప్పటికైనా పోయేవాడేనేమో. డాక్టరు కూడా చెప్పలేడు."

"అదే కదా. ఎవరూ చెప్పలేరు."

డ్వైట్ అతని పక్కనే చతికిలబడ్డాడు. "పోనీ, పాతవే వాయిద్దామా? నీకోసం. ఆ వెంచురా అతన్ని పిలుద్దాం."

"అవి అసలే వద్దు."

అక్కడితో ఫ్రాస్ట్ వార్నింగ్ అయిపోయింది. పోట్లాట లేదు, ప్రకటన లేదు. డ్వైట్ ఉత్తరాన శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళి, పగలు పియానోలు బాగుచేస్తూ, చిన్న చిన్న గదుల్లో తన మోతలు వాయించుకుంటూ ఉండిపోయాడు. వేన్ వాళ్ళ పొలంలో ఇళ్ళు లేచాయి. ఎఫ్రెన్ ప్యాకింగ్ షెడ్డు వదల్లేదు. బెల్టు దగ్గర నుంచి పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ మీదకి మారాడు. పెళ్ళి ఒకసారి కుదిరి తప్పిపోయింది. తల్లితోనే ఉన్నాడు. ఇంట్లో పాటలు పెట్టేవాడు కాదు. వీధిలో కారు రేడియో గట్టిగా మోగినా కిటికీ మూసేవాడు. కుడిచెవి వినికిడి ముప్పై ఐదేళ్ళకే పోయింది. దానికి వైద్యం చేయించుకోలేదు.

పదిహేనేళ్ళ తర్వాత తండ్రి పోతే ఆ పనులు చూసుకోవడానికి డ్వైట్ ఊరికి వచ్చాడు. జుట్టు నెరిసింది, వెన్ను కాస్త వంగింది. ఆదివారం పొద్దున ఒలీవాస్ ఇంటికి వచ్చాడు. ఒఫేలియా మెనూడో, అదే బోటి పులుసు, వండింది. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. గిన్నెల్లోంచి ఆవిరి లేస్తోంది. వానల గురించి, నిమ్మకాయల ధర గురించి, వేన్ కూతురి చదువు గురించి మాట్లాడుకున్నారు.

ఒఫేలియా ఉల్లిపాయ ముక్కలు డ్వైట్ గిన్నెలో చల్లుతూ అంది: "మావాడి గుండె సంగతి నీకు ముందే తెలుసు."

ఎఫ్రెన్ చెంచా ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ మాట ఎత్తడం అదే మొదలు.

"తెలుసు సెన్యోరా," అన్నాడు డ్వైట్.

"నాకు చెప్పి ఉండాల్సింది."

డ్వైట్ ఈసారి ఆలోచించలేదు. "అవును, చెప్పాల్సింది," అన్నాడు.

ఆమె క్షమించానని అనలేదు, క్షమించలేననీ అనలేదు. టోర్టియా రొట్టెల బుట్ట అతని వైపు జరిపి, "చల్లారిపోతోంది, తిను" అంది. డ్వైట్ తిన్నాడు. ఎఫ్రెన్ లేచి తల్లికి ఇంకో గరిటె వడ్డించి, తన గిన్నె ముందు మళ్ళీ కూర్చున్నాడు.